ప్రాణమున్న కణంలో సున్నపు లెక్క

పిల్లలూ! మన శేషాచలం కొండల్లో ఎర్రచందనంతోబాటు దాని దాయాది ఏగిస చెట్టు కూడా పెరుగుతుంది. మా ఇంట్లో ఏగిస చెక్కతో చేసిన లోటా ఒకటుంది. రాత్రి అందులో నీళ్లు పోసి, తెల్లవారి గాజుగ్లాసులోకి వంచి ఎండలో పెట్టాను. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే నీళ్లు పసుప్పచ్చగా ఉన్నాయి. ఎండ పడేవైపు నుంచి చూస్తే నీలంగా మెరిశాయి!

"తాతా, ఇందులో నీలిమందు కలిపావా?" అన్నది మా మనవరాలు.

కలపలేదు. కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని మింగి, కనబడే కాంతిగా వదిలే పదార్థాలు కొన్ని ఉన్నాయి. ఈ గుణాన్ని ప్రతిదీప్తి అంటారు. మెక్సికో నుంచి యూరపుకు వచ్చిన ఇలాంటి చెక్కనే తీసుకుని రాబర్టు బాయిల్ చేసిన పరీక్షలు 1664లో అచ్చయినాయి. ఆ నీటిలో ఆమ్లం వేస్తే నీలం మాయమైంది. క్షారం వేస్తే తిరిగి వచ్చింది. అంటే, నీళ్లలో ఏమున్నదో వెలుగే చెబుతున్నదన్నమాట! 1867లో గొప్పెల్‌స్రోడర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అల్యూమినియం జాడను ఇలాగే పట్టాడు. ఆయన వాడిన మోరిన్ అనే పసుపురంగు, మన పలమనేరు వైపు పట్టుపురుగులకు వేసే మల్బరీ కుటుంబపు చెట్లలో దొరుకుతుంది.

గాజుగొట్టంలో సరే. ప్రాణమున్న కణం మాటేమిటి?

సున్నంలో ఉండే కాల్షియమే మన ఎముకల్లోనూ ఉన్నది. గుండె కొట్టుకోవాలన్నా అదే కావాలి. కణం బయట ఉన్న కాల్షియం అయానులతో పోలిస్తే, లోపల విడిగా తిరిగేవి సుమారు పదివేలవ వంతే. సంకేతం రాగానే అవి ఒక్కసారిగా పెరుగుతాయి, కండరం ముడుచుకుంటుంది. మరుక్షణం తగ్గిపోతాయి. కండను కాల్చి బూడిద చేస్తే మొత్తం కాల్షియం ఎంతో తెలుస్తుంది. కాని ఆ బూడిద కొట్టుకోదు కదా!

ఈ చిక్కును విప్పినవారిలో ముఖ్యుడు రోజర్ సియెన్. పీత తన డెక్కలతో పట్టుకున్నట్టు కాల్షియాన్ని పట్టుకునే అణువును ఆయన తయారుచేశాడు. మెగ్నీషియం అయాను చిన్నది, ఆ పట్టుకు సరిగా అమరదు. అయితే ఆ డెక్కలకు విద్యుదావేశం ఉండటంచేత, నూనెలాంటి కణపు పొర దానిని లోపలికి రానీయలేదు. అప్పుడాయన ఏం చేశాడో తెలుసా? ఆవేశాన్ని కప్పేస్తూ దానికి మారువేషం వేశాడు! లోపలికి వెళ్లగానే కణంలోని ఎంజైములే ఆ వేషం ఊడదీశాయి. ఇక అది బయటికి రాలేదు. ఈ ఉపాయం 1981 నాటిది.

1985లో సియెన్, ఆయన సహచరులు ఫ్యూరా-2 అనే రంగును ప్రకటించారు. కాల్షియం లేనప్పుడు అది ఒకరకం అతినీలలోహిత కాంతికి బాగా వెలుగుతుంది, పట్టుకున్నాక వేరొకరకం కాంతికి. ఆ రెండు వెలుగుల నిష్పత్తి కడితే కాల్షియం ఎంతో తెలుస్తుంది. మీరు బడిలో చేసే నిష్పత్తి లెక్కే! రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలుచగా ఉన్నా లెక్క తప్పదు.

ఒక ఇబ్బంది మాత్రం ఉన్నది. రంగు ఎక్కువైతే, కొలవవలసిన కాల్షియాన్ని అదే పట్టేసుకుంటుంది. అందుకని చాలా కొద్దిగా వాడాలి. జింకుకు కూడా ఇలాంటి రంగులు వచ్చాయి. ఇనుముతో మరీ కష్టం. అది వెలిగే రంగును తరచు ఆర్పివేస్తుంది!