తుపాకి ఆటలో చెడుగుడు కూత

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోయే దారిలో, ఇంచుమించు సగం దూరాన శిరివెళ్ల వస్తుంది. ఆ ఊళ్లో ఒక సాయంకాలాన్ని ఊహించుకోండి. బడి వదిలారు. మైదానంలో ఒక పక్క కొందరు పిల్లలు గీత గీసి చెడుగుడు ఆడుతున్నారు. ఇంకో పక్క చెట్టు కింద నలుగురు ఫోనులు పట్టుకుని తుపాకి ఆట ఆడుతున్నారు. ఆ ఆటలో వీళ్లతోపాటు ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో ఉన్నారు.

ఉన్నట్టుండి చెట్టు కింద కేక వినబడింది. "నేనే ముందు కొట్టినాను! వాడెట్లా గెలిచినాడు?"

ఏం జరిగింది? తుపాకి ఆటలో ఇద్దరు ఎదురెదురుగా బాగా దగ్గరికి వచ్చారు. ఇద్దరూ తుపాకి వదిలి కత్తి దూశారు. శిరివెళ్ల పిల్లవాడి ఫోనులో అతడి దెబ్బే ముందు పడింది. ముంబయిలో ఉన్న ఎదుటివాడి ఫోనులో వాడి దెబ్బే ముందు పడింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! ఇద్దరూ నిజం చెబితే తీర్పు ఎలా చెప్పాలి?

ఈ చిక్కును విప్పడానికి మనం ఒక కొత్త నియమాన్ని తయారుచేద్దాం. దానికి కావలసిన ఉపాయం మైదానంలో రెండో పక్కన, చెడుగుడు ఆడేవాళ్ల దగ్గర ఉంది.

కంప్యూటరు కంటికి దెబ్బ అంటే ఏమిటి?

తుపాకి ఆటల్లో చేతి దెబ్బ కొత్తది కాదు. 1992లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డి ఆటలో కత్తి ఉంది. 1993లో వచ్చిన డూమ్ ఆటలో పిడికిలీ, రంపమూ ఉన్నాయి. పబ్జీ ఆటలో వంటింటి పెనం కూడా ఆయుధమే. మన దేశంలో బెంగుళూరు కంపెనీ ఒకటి 2021 జనవరి 26న ఫౌ-జీ అనే ఆటను విడుదల చేసినప్పుడు, అందులో మొదట తుపాకులే లేవు. పోరాటమంతా దగ్గరి పోరాటమే. అయితే అప్పుడు ఎదుటివాడు కూడా ఫోనులోని బొమ్మే కాబట్టి "ఎవరు ముందు?" అనే తగాదా రాలేదు. ఎదుటివాడు ఇంకో ఊళ్లో ఉన్న మనిషి అయినప్పుడే తగాదా మొదలవుతుంది.

కంప్యూటరుకు కత్తీ తెలియదు, పెనమూ తెలియదు. అది మూడు ప్రశ్నలు మాత్రమే వేసుకుంటుంది. ఇద్దరి మధ్య దూరం ఎంత? కొట్టేవాడు ఎటు తిరిగి ఉన్నాడు? ఏ క్షణాన కొట్టాడు?

దూరం కనుక్కోవడానికి మీకు తెలిసిన పైథాగరస్ సిద్ధాంతమే చాలు. ఇద్దరి మధ్య తూర్పు పడమరలుగా 1.2 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 1.6 మీటర్లు తేడా ఉందనుకుందాం. 1.2 వర్గం 1.44. 1.6 వర్గం 2.56. రెండూ కలిపితే 4. దాని వర్గమూలం 2. అంటే ఇద్దరి మధ్య 2 మీటర్లు ఉంది. చేయి అందే హద్దు 2 మీటర్లు అని నియమం పెట్టుకుంటే దెబ్బ తగిలినట్టే. అంతకన్నా ఒక్క అంగుళం ఎక్కువున్నా తగలనట్టే.

మొదటి రెండు ప్రశ్నలు తేలికే. చిక్కంతా మూడో ప్రశ్నలో, కాలంలో ఉంది.

మీ వేళ్లు ఎంత ఆలస్యం?

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ మిత్రుణ్ణి 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోమనండి. స్కేలు అడుగున సున్న గీత దగ్గర మీ బొటనవేలూ చూపుడువేలూ ముట్టీ ముట్టకుండా ఉంచండి. మిత్రుడు చెప్పకుండా వదలాలి. వదిలాడని కనబడగానే మీరు పట్టుకోవాలి. మీ వేళ్లు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నాయో చూడండి.

కింద పడే వస్తువు ఎంత కాలంలో ఎంత దూరం పడుతుందో మనకు తెలుసు. దాన్నిబట్టి లెక్క ఇలా వస్తుంది.

15 సెంటీమీటర్లు: 175 మిల్లీసెకండ్లు
20 సెంటీమీటర్లు: 202 మిల్లీసెకండ్లు
25 సెంటీమీటర్లు: 226 మిల్లీసెకండ్లు
30 సెంటీమీటర్లు: 247 మిల్లీసెకండ్లు

మిల్లీసెకండు అంటే సెకండులో వెయ్యో వంతు. చాలామందికి 20 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. కంటికి కనబడినది మెదడుకు చేరి, అక్కడి నుండి ఆజ్ఞ వేలికి వచ్చేసరికి ఈ కాలం పడుతుంది. ఎంత చురుకైనవాడికైనా ఇది తప్పదు. అందుచేత మన నియమంలో మనిషికి 250 మిల్లీసెకండ్లు కేటాయిద్దాం.

ఫోను నుండి ముంబయికి, మళ్లీ వెనక్కు

ఇక రెండో ఆలస్యం. మీరు ఫోను మీద వేలు నొక్కగానే దెబ్బ ఎదుటివాడికి తగలదు. ఆ వార్త ముందు టవరుకు, అక్కడి నుండి కేబుల్ గుండా సర్వర్ అనే పెద్ద కంప్యూటరుకు చేరాలి. తీర్పు చెప్పేది ఆ సర్వరే. అది ముంబయిలో ఉందనుకుందాం.

శిరివెళ్ల నుండి ముంబయికి పటం మీద తిన్నగా గీత గీస్తే సుమారు 700 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకండుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోవడానికి 3.5, రావడానికి 3.5, మొత్తం 7 మిల్లీసెకండ్లు చాలు. ఇదేమంత ఆలస్యం కాదే!

కాని కేబుల్ తిన్నగా వేసి ఉండదు. దారిలో ఎన్నో కూడళ్లు ఉంటాయి. ప్రతి కూడలిలోనూ వార్త కాసేపు ఆగి వరుసలో నిలబడాలి. అన్నిటికన్నా పెద్ద ఆలస్యం మీ ఫోనుకూ టవరుకూ మధ్యనే కావచ్చు. ఒకే టవరు మీద వందలమంది ఒకేసారి సినిమాలు చూస్తుంటే మీ వార్త తన వంతు కోసం ఆగాలి. అందువల్ల ఒక ఆటగాడికి రానూ పోనూ 30 మిల్లీసెకండ్లు పడితే, ఇంకొకడికి 150 పట్టవచ్చు. అమెజాన్ కంపెనీ 2016లో ముంబయిలోనూ, 2022లో హైదరాబాదులోనూ తన కంప్యూటరు కేంద్రాలను తెరిచింది. సర్వర్ దగ్గరికి వస్తే దారి తగ్గుతుంది. టవరు దగ్గర రద్దీ మాత్రం తగ్గదు.

150 మిల్లీసెకండ్లలో ఏమవుతుంది? సెకండుకు 5 మీటర్లు పరుగెత్తే ఆటగాడు 75 సెంటీమీటర్లు కదులుతాడు. ఇద్దరూ ఎదురెదురుగా పరుగెడుతుంటే వారి మధ్య దూరం ఒకటిన్నర మీటరు మారిపోతుంది. చేయి అందేదే 2 మీటర్లు! దగ్గరి పోరాటంలో తగాదాలు ఎక్కువ కావడానికి ఇదే కారణం.

దీనికి ఇంజినీర్లు ఒక ఉపాయం పన్నారు. సర్వర్ తన గడియారాన్ని కొంచెం వెనక్కు తిప్పి, "ఇతడు వేలు నొక్కినప్పుడు ఇతడి ఫోనులో ఏం కనబడింది?" అని చూసి తీర్పు చెబుతుంది. వాల్వ్ కంపెనీ ఇంజినీరు యాన్ బెర్నియర్ 2001లో ఈ పద్ధతిని వివరంగా రాశాడు. తుపాకి గురికి ఇది బాగా పనిచేస్తుంది. కాని కొట్టినవాడికి న్యాయం చేసేటప్పుడు తప్పించుకున్నవాడికి అన్యాయం జరగవచ్చు. "నేను గోడ చాటుకు వచ్చేశాక కూడా దెబ్బ తగిలింది" అని వాడు మొరపెట్టుకుంటాడు. దగ్గరి పోరాటంలో ఇద్దరూ కొట్టేవాళ్లే, ఇద్దరూ తప్పించుకునేవాళ్లే. గడియారాన్ని ఎవరి కోసం తిప్పాలి?

చెడుగుడు ఏం నేర్పుతుంది?

ఇప్పుడు మైదానంలోకి చూడండి. కూతకు వెళ్లినవాడు ఎదుటివాణ్ణి తాకగానే ఆట తేలిపోదు. వాడు కూత తెగకుండా గీత దాటి రావాలి. ఈలోపు అవతలివాళ్లు పట్టు పట్టవచ్చు. తాకడానికీ తీర్పుకూ మధ్య కొంత కాలం ఉంది. ఆ కాలంలో ఇద్దరికీ అవకాశం ఉంది.

ఇంకో సంగతి. కూతకు ఖరీదు ఉంది. పాత పద్ధతిలో అది ఊపిరి ఉన్నంతసేపే. నేటి కబడ్డీ పోటీల్లో 30 సెకండ్లే. ఒక జట్టు నుండి ఒకసారికి ఒక్కడే వెళ్లాలి. పైగా కూత అందరికీ వినబడుతుంది. దొంగచాటు లేదు.

ఈ రెండు సూత్రాలతో మన నియమం రాద్దాం. దీనికి "కూత పట్టు" అని పేరు పెడదాం.

1. ఆటగాడు మీట నొక్కగానే కూత మొదలవుతుంది. అది 4 సెకండ్లు ఉంటుంది. ఆ సమయంలో తుపాకి పనిచేయదు. పరుగు మాత్రం సెకండుకు 5 మీటర్ల నుండి 6 మీటర్లకు పెరుగుతుంది.

2. కూత 10 మీటర్ల లోపు అందరికీ వినబడుతుంది. ఒక జట్టులో ఒకసారికి ఒక్కరే కూత పెట్టాలి.

3. 2 మీటర్ల లోపు, తనకు ఎదురుగా ఉన్నవాణ్ణి తాకితే ఇద్దరూ 600 మిల్లీసెకండ్ల సేపు కదలకుండా బిగుసుకుపోతారు. దెబ్బ ఇంకా పడలేదు.

4. ఆ సమయంలో తాకినవాడు కుడికి జారాలో ఎడమకు జారాలో ఎంచుకోవాలి. తాకబడినవాడు ఏ పక్క పట్టాలో ఎంచుకోవాలి. ఒకరి ఎంపిక ఒకరికి కనబడదు.

5. సర్వర్ రెండు ఎంపికలూ చేరేదాకా ఆగి అప్పుడు తీర్పు చెబుతుంది. పట్టిన పక్కకే జారితే తాకినవాడి బలం సగం పోతుంది. వేరే పక్కకు జారితే తాకబడినవాడి బలం సగం పోతుంది. గడువులోపు ఎంచుకోనివాడు ఓడినట్టే.

6. ఎవరినీ తాకకుండా కూత అయిపోతే, వాడు ఒక సెకండు సేపు రొప్పుతూ నిలబడాలి.

ఇందులో కీలకం అయిదో నియమం. "ఎవరు ముందు?" అని అది అడగనే అడగదు. ముంబయి పిల్లవాడి ఎంపిక 30 మిల్లీసెకండ్లకు చేరినా, శిరివెళ్ల పిల్లవాడిది 150కి చేరినా తేడా లేదు. పెట్టెలో చీటీలు వేసినట్టు రెండూ చేరాకే పెట్టె తెరుస్తారు.

600 ఎలా వచ్చింది? మనిషికి 250, దారికి 150, కుడో ఎడమో నిర్ణయించుకోవడానికి 200. మొత్తం 600. కూత వినబడే 10 మీటర్ల దూరాన్ని కూడా ఇలాగే సరిచూద్దాం. సెకండుకు 6 మీటర్ల చొప్పున వచ్చేవాడికి 10 మీటర్లు దాటడానికి సెకండున్నర పైనే పడుతుంది. మీరూ వాడికి ఎదురుగా 5 మీటర్ల వేగంతో పోతుంటే 900 మిల్లీసెకండ్లు. అప్పుడు కూడా వినడానికీ తిరగడానికీ తుపాకి ఎత్తడానికీ వ్యవధి ఉంది.

లొసుగులు వెతకండి

కొత్త నియమం రాయగానే పని అయిపోదు. దానిలో లొసుగులు వెతకాలి. ఎవడైనా కావాలని తన నెట్‌ను ఆపి, ఎంపికను ఆలస్యంగా పంపితే? 600 దాటితే ఎంపిక చెల్లదు. ఒకరి ఎంపిక ఒకరికి కనబడదు కాబట్టి ఆలస్యం చేసి లాభం కూడా లేదు. ఇద్దరూ కూత పెట్టి ఒకరినొకరు తాకితే? ఇద్దరి కూతా తెగినట్టే. బిగుసుకున్న ఇద్దరినీ మూడోవాడు కాల్చవచ్చునా? కాల్చవచ్చు. అందుకే కూతకు వెళ్లేముందు చుట్టూ చూసుకోవాలి. తాకడంలో మాత్రం పాత ఆలస్యం ఇంకా మిగిలే ఉంది. కాని తప్పు తాకుడుకు వెంటనే ప్రాణం పోదు. తప్పించుకునే అవకాశం సగానికి సగం ఉంది.

సగానికి సగం అంటే ఇది బొమ్మా బొరుసూ అవుతుంది గదా అంటారా? ఫోను లేకుండానే పరీక్షించండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడండి. మూడోవాడు చప్పట్లు కొడతాడు. మూడో చప్పట్టుకు జారేవాడు ఒక పక్కకు, పట్టేవాడు ఒక పక్కకు చేయి చూపాలి. మైదానంలోని ఒకే పక్కను ఇద్దరూ చూపితే పట్టు దొరికినట్టు. ఇలా 20 సార్లు ఆడి లెక్క రాయండి.

నాణేన్ని 20 సార్లు ఎగరేస్తే 100కు 96 మార్లు బొమ్మలు 6కూ 14కూ మధ్యనే వస్తాయి. కాబట్టి మీ మిత్రుడు 12 సార్లు గెలిస్తే అదేమీ విశేషం కాదు. తొందరపడి నియమం మార్చకండి. వాడు 15 గాని అంతకన్నా ఎక్కువ గాని గెలిస్తే మాత్రం ఆలోచించాలి. బహుశా మీరు రెండుసార్లు కుడికి జారాక ఎప్పుడూ ఎడమకే జారుతున్నారేమో! వాడు మీ అలవాటును కనిపెట్టాడన్నమాట. అదే ఈ ఆటలోని నేర్పు. ఈ నేర్పుకు వేగమైన నెట్ అక్కరలేదు.

చివరగా ఒక లెక్క మీకే వదిలేస్తాను. శిరివెళ్ల కన్నా లోపల, నల్లమల అంచున ఉన్న ఒక పల్లెలో రానూ పోనూ 300 మిల్లీసెకండ్లు పడుతుందనుకోండి. మన 600 వారికి చాలుతుందా? చాలకపోతే ఎంత చేయాలి? మరీ పెంచితే ఆట మందగించి విసుగు పుడుతుంది. మీ తరగతిలో పదిమందికి స్కేలు ప్రయోగం చేసి, వచ్చిన అంకెలతో ఆ సంఖ్యను మీరే తేల్చండి.