మన ‘బోతున్నా’, వాళ్ళ ‘జ వే’

ఇంటర్‌లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకుని, పరీక్ష అవ్వగానే మర్చిపోయినవాళ్ళు మనలో ఉన్నారు. పై చదువులకి ఫ్రాన్స్ వెళ్దామని ఇప్పుడు మళ్ళీ ఏ1 లెవెల్ నుంచి మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు. ఇద్దర్నీ ఏడిపించేది ఒక్కటే: క్రియారూపాలు. మనం ఫ్రెంచ్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటాం కాబట్టి ఇంగ్లీషు అలవాట్లు కూడా వెంట వస్తాయి. కనీసం ఒక కాలం విషయంలో మాత్రం తెలుగు మీదుగా వెళ్తే దారి చాలా దగ్గర. దాని పేరు ఫ్యుత్యూర్ ప్రోష్, అంటే దగ్గరి భవిష్యత్తు.

ముందు మన మాట చూద్దాం. ‘తినబోతున్నా’ని విడదీస్తే ‘తినన్ + పోతున్నా’. పదో తరగతిలో బట్టీపట్టిన సరళాదేశ సంధి గుర్తుందా? ద్రుతం తర్వాత వచ్చిన ‘ప’ కాస్తా ‘బ’ అయింది. పాత పుస్తకాల్లో దీన్ని ‘తినఁబోవు’ అని అరసున్నతో రాసేవారు. అంటే లోపల దాక్కున్నది ‘పోవు’ అనే క్రియే. కంచం ముందు కూర్చుని, ఎక్కడికీ కదలకుండానే ‘తినబోతున్నా’ అంటాం. పోవడమనే అర్థం అరిగిపోయి, ‘ఇదిగో, ఇప్పుడే’ అనే సూచన మిగిలింది.

ఫ్రెంచ్ వాళ్ళూ ఇదే పని చేశారు. వాళ్ళ ‘వెళ్ళు’ క్రియ ‘ఆలే’. దాని వర్తమాన రూపం పెట్టి, పక్కన అసలు క్రియని మార్చకుండా ఉంచితే చాలు. ‘మాఁజే’ అంటే తినడం. ‘జ వే మాఁజే’ అంటే తినబోతున్నా. నేర్చుకోవాల్సినవి ఇవే:

జ వే – నేను
త్యు వా – నువ్వు
ఇల్ వా, ఎల్ వా – అతను, ఆమె
నూ జాలోఁ – మేము, మనం
వూ జాలే – మీరు
ఇల్ వోఁ – వాళ్ళు

అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకాలి, చివర ‘న్’ వినిపించకూడదు. ‘జాలోఁ’, ‘జాలే’ల్లోని ‘జ’ ఆ క్రియది కాదు. ముందున్న ‘నూ’, ‘వూ’ల చివర రాసే ఎస్, తర్వాత అచ్చు రావడంతో ‘జీబ్రా’లోని జ లాగా బయటికి వస్తుంది. మామూలు మాటల్లో ‘నూ జాలోఁ’ బదులు ‘ఓఁ వా’ ఎక్కువ వినిపిస్తుంది.

‘వే, వా, వోఁ’కీ ‘ఆలోఁ, ఆలే’కీ పోలికే లేదేంటి అంటారా? అవి వేర్వేరు మూలాల నుంచి వచ్చి ఒకే క్రియగా సర్దుకున్నాయి. ‘వే, వా, వోఁ’ల మూలం లాటిన్‌లోని ‘వాడెరె’. మన ‘వచ్చాను’, ‘రాలేదు’ కూడా పైకి చూస్తే ఒకే క్రియలా ఉండవు కదా!

ఇక రెండో క్రియ కదలదు. తినబోతున్నాను, తినబోతున్నాం, తినబోతున్నారు అన్నప్పుడు మారేది ‘పోవు’ మాత్రమే, ‘తిన’ అలాగే ఉంటుంది. ఫ్రెంచ్‌లోనూ అంతే. కాబట్టి ‘మాఁజే’ చివర ఎప్పుడూ ఈ, ఆర్ అక్షరాలే రాయాలి. ఇదే శబ్దానికి వేరే స్పెల్లింగులు కూడా ఉన్నాయి, అక్కడే మార్కులు పోతాయి.

ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్ళు జారిపడే చోటు ఇంకొకటి ఉంది. ‘అయామ్ గోయింగ్ టు’ని ముక్కముక్కగా మార్చాలని చూస్తారు. ‘అయామ్’ అంటే ‘జ స్యుయి’ కదా అని ‘జ స్యుయి ఆలే మాఁజే’ అనేస్తారు. వినేవాడికి అది ‘తినడానికి వెళ్ళాను’ అని వినిపిస్తుంది. భవిష్యత్తు కాస్తా భూతకాలం అయిపోయింది! ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్ట్ చేయబోతున్నా’ అనాల్సినవాడు ‘చేయడానికి వెళ్ళాను’ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తెలుగులో ఆలోచిస్తే ఈ తప్పు రాదు. ‘బోతున్నా’ ఉన్నచోట ‘వే’ పెట్టాలి, మధ్యలో ఇంకేమీ వద్దు.

‘కాదు’ అనాలంటే? మనం ‘తినబోవట్లేదు’ అంటాం. లేదన్నది ‘పోవు’కే తగిలింది, ‘తిను’కి కాదు. ఫ్రెంచ్‌లోనూ ‘న’, ‘పా’ అనే రెండు ముక్కలూ ‘వే’కి అటూ ఇటూ నిలబడతాయి: ‘జ న వే పా మాఁజే’. మాట్లాడేటప్పుడు ‘న’ని మింగేస్తుంటారు. పరీక్షలో మాత్రం మింగకండి.

ఫ్రెంచ్‌లో మామూలు భవిష్యత్తు వేరే ఉంది. రెండింటికీ తేడా ఏంటి? ‘ఎల్ వా అవ్వార్ ఎఁ బేబే’ అంటే ఆమె తల్లి కాబోతోంది. ఇప్పటికే నెలలు నిండుతున్నాయి. ‘ఎల్ ఓరా ఎఁ బేబే’ అంటే ఆమెకి ఎప్పుడో ఒకప్పుడు బిడ్డ పుడుతుంది. మొదటిదానికి ఇప్పుడు కనిపించే ఆధారం ఉంది. మబ్బు పట్టాక ‘వాన పడబోతోంది’ అంటాం చూడండి, అదే ‘ఇల్ వా ప్లవ్వార్’. ‘కాబోయే అల్లుడు’, ‘రాబోయే సెమిస్టర్’ అన్నప్పుడు కూడా ఆ దగ్గరితనమే.

పోలిక ఇక్కడితో ఆగదు. మెట్ల మీద జారి, రెయిలింగ్ పట్టుకుని నిలదొక్కుకున్నవాడు ‘పడబోయాను’ అంటాడు. పడలేదన్నమాట. ఫ్రెంచ్‌లో దానికి ‘జాలే తోఁబే’ అంటారు. ‘జాలే’ అంటే ‘ఆలే’ క్రియకి ఇంపర్ఫేలో ‘నేను’ రూపం. ‘తోఁబే’ అంటే పడడం.

చివరిగా చిన్న పని. ఈ రాత్రి పడుకునే ముందు, రేపు చేయబోయే పనులు ఐదు తెలుగులో అనుకోండి. ‘బోతున్నా’ వచ్చిన ప్రతిచోటా ‘జ వే’ పెట్టి, డిక్షనరీలో ఉన్న క్రియని ఉన్నట్టే పక్కన చేర్చండి. కొత్త భాష మాట్లాడాలంటే పాతదాన్ని మర్చిపోవాలని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. ‘జ వే’ అర్థం కావడానికి మనకి పనికొచ్చింది పదో తరగతి తెలుగు వ్యాకరణమే మరి.