బడి మూసినా నడక ఆపొద్దు
2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ విధించారు. హోసూరులోనైనా, బరంపురంలోనైనా తెలుగు బడికి అప్పుడు తాళమే పడింది. రోజూ బడికి నడిచి బరువు తగ్గిన టీచర్లకు ఆ నడక లేకపోయింది. పిల్లలు ఇంట్లోనే ఉండటంతో పొయ్యి మీది బాణలి దిగలేదు. వాళ్లు వదిలేసిన పకోడీలు పారేయలేక అమ్మే తినేసేది. తగ్గిన కిలోలు తిరిగొచ్చేది ఇలాగే.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు, పిల్లలకు రోజుకు 60 నిమిషాలు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డాబా మీద నడవండి. పిల్లలతో తొక్కుడుబిళ్ల, తాడాట ఆడండి. గెంతులు తెలుగులో లెక్కపెట్టించండి. ఒంటికి వ్యాయామం, నోటికి పాఠం.

ఆ లాక్‌డౌన్‌లో సరుకులకు ఒక్కరే మాస్కుతో వెళ్లాల్సి వచ్చింది. బయటి నుంచి రాగానే 20 సెకన్లు సబ్బుతో చేతులు కడుక్కోండి. బీపీ, షుగర్ మందులు ఆపొద్దు. వారానికోసారి బరువు చూసుకోండి.