వెలిగింది ఎవరి ఇల్లు?

ఎన్నికలొస్తే ప్రకటనల హోరు మొదలవుతుంది. వాటిని ఎట్లా చదవాలో 2004 మనకు నేర్పింది.

ఆ ఎన్నికల ముందు వాజపేయి ప్రభుత్వం ‘ఇండియా షైనింగ్’ అంటూ, దేశం వెలిగిపోతోందని పేపర్లలో, టీవీల్లో ఊదరగొట్టింది. సొమ్ము ప్రజలది, సోకు గద్దెమీదివాళ్లది!

కిటుకు చూడండి. 2003–04లో ఆర్థికవృద్ధి 8 శాతానికి చేరిన మాట నిజమే. కానీ అంతకుముందు 2002లో దేశంలో పెద్ద కరువు. కిందపడ్డవాడు లేచి నిలబడితే, ఎంత ఎత్తు ఎదిగాడో అని చంకలు గుద్దుకున్నట్టుంది ఆ లెక్క. బొమ్మల్లో నవ్వే మొహాలున్నాయి. అప్పులపాలై పురుగులమందు తాగిన అనంతపురం రైతు లేడు. మూటాముల్లె సర్దుకుని వలసపోయిన పాలమూరు కూలీ లేడు. ఉన్నది దాచడమూ అబద్ధమే.

సర్కారు సొమ్ముతో ఆ ప్రచారం ఆపమని ఎన్నికల కమిషన్ చెప్పాల్సొచ్చింది. పార్టీల టీవీ ప్రకటనలను ముందే పరిశీలించాలని ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. అది అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసే. మే 13న ఓట్లు లెక్కపెడితే ఆ ప్రభుత్వం కూలింది.

అయినా సగం నిజాన్ని ఏ కోర్టూ పూర్తిగా పట్టలేదు. పట్టాల్సింది మనమే. అందుకే మేమనేది ఇదీ: ప్రకటన కనబడగానే మూడు ప్రశ్నలడుగుదాం. డబ్బెవరిది? దేంతో పోల్చారు? బొమ్మలో లేనిదెవరు?