ఉసిరిక రసాయనమూ, కాశీలోని ఈగలూ

మొన్నటి వేసవిలో ఒక గృహిణి తన మామగారిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. ఆయనకు మూడేండ్లుగా మతిమరుపు. "వైద్యులవారూ, ఉసిరిక రసాయనంతో ఈ జబ్బు తగ్గుతుందని కాశీలో శాస్త్రజ్ఞులు రుజువు చేశారట గదా! అందుకని నరాల డాక్టరుగారిచ్చిన మాత్రలు పది రోజుల క్రితమే ఆపివేశాము" అన్నది. "అమ్మా, ముందు ఆ డాక్టరుగారి వద్దకు వెళ్ళి మాత్రల సంగతి అడుగు. రసాయనం మాట తరువాత" అన్నాను.

ఆమె విన్న వార్తలో సత్యం లేకపోలేదు. అయితే ఆ పరీక్ష జరిగింది మనుష్యులలో కాదు, ఈగలలో.

పండిన అరటిగెల చుట్టూ ముసిరే చిన్న ఈగలను మీరు చూచే ఉంటారు. ఆ కోవకు చెందిన డ్రోసోఫిలా అనే ఈగలపై ఇటలీలో రిటోసా అనే శాస్త్రజ్ఞుడు పరిశోధిస్తుండగా, ఎవరో పొరపాటున వాటి పెట్టెలో వేడిని పెంచారు. తరువాత చూస్తే క్రోమోజోములపై క్రొత్త చోట్ల ఉబ్బులు కనిపించాయి. ఉబ్బడమంటే అక్కడి జన్యువు పనికి పూనుకొన్నదని గుర్తు. ఈ సంగతి 1962లో ప్రచురితమైంది. వేడి తగిలినప్పుడు కణం కొన్ని ప్రత్యేక ప్రోటీన్లను తయారు చేసుకొంటుందని 1974లో తెలిసింది. ప్రోటీను సరైన మడతలో ఉంటేనే దాని పని అది చేస్తుంది. మడత చెడితే, కాగిన నీటిలో పడిన తెల్లసొన వలె ముద్దకడుతుంది. ఆ ముద్దను నివారించడమే ఈ రక్షక ప్రోటీన్ల పని. అల్జీమర్స్, హంటింగ్టన్ వంటి మెదడు వ్యాధులలో పేరుకొనేవి ఇటువంటి ముద్దలే.

సుభాష్ చంద్ర లఖోటియా తన పరిశోధన జీవితంలో అధికభాగాన్ని ఈ ఉబ్బులలో ఒకదానికే వెచ్చించారు. కలకత్తాలో విద్యార్థిగా ఉన్నప్పుడు, బెంజమైడ్ అనే రసాయనం తగిలితే ఆ ఒక్క ఉబ్బు మాత్రమే లేస్తుందని గమనించి 1970లో ప్రకటించారు. తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు దానినే శోధించారు. చిత్రమేమంటే, ఆ జన్యువు ప్రోటీనును తయారు చేయించదు. దాని నుండి పుట్టే ఆర్.ఎన్.ఏ. కణకేంద్రంలోనే నిలిచి, అక్కడి కొన్ని ప్రోటీన్లను అదుపులో ఉంచుతుంది. ఆయనకు 1989లో భట్నాగర్ పురస్కారం లభించింది. ఆ ఆర్.ఎన్.ఏ.ను తగ్గిస్తే ఈగలలో హంటింగ్టన్ తరహా నరాల క్షయం నెమ్మదిస్తుందని 2009లో ఆయన బృందం చూపింది.

చరకాదులపై గ్రంథాలు వ్రాసిన గుండె శస్త్రవైద్యుడు వలియత్తాన్ తోడ్పాటుతో లఖోటియా బృందం మన ఔషధాలను కూడ ఈగలకు తినిపించింది. కోటక్కల్ ఆర్యవైద్యశాల వారు కలిసివచ్చారు. ఉసిరిక రసాయనం ఒకటి, రసశాస్త్రంలోని రససిందూరం రెండవది. నాకు నచ్చినదేమంటే, వారు ఔషధం నుండి ఏదో ఒక సారాన్ని విడదీయక, యోగాన్ని యోగంగానే పరీక్షించారు. మా గురువుగారు ఉసిరిక చూర్ణానికి ఉసిరిక రసంతోనే 21 భావనలు చేయించేవారు. ఎందుకని అడిగితే "నూరు, మాట్లాడకు" అనేవారు!

2012లో వెలువడిన ఫలితాలు ఇవి. ఆహారంలో 0.5 శాతం కలిపినప్పుడు రెండు ఔషధాలూ ఈగలకు వేడిని తట్టుకొనే శక్తిని పెంచాయి. ఆయుర్దాయం, ఆకలికి ఓర్చుకొనే శక్తి మాత్రం ఉసిరికతోనే పెరిగాయి. సంతానం విషయం మరింత ఆలోచింపజేస్తుంది. పురుగు దశ నుండి తినిపిస్తే ఉసిరిక సంతానాన్ని పెంచింది, రససిందూరం తగ్గించింది. పెద్ద ఈగలకు మాత్రమే ఇస్తే రససిందూరమే పెంచింది, ఉసిరిక ఏమీ చేయలేదు. వయోభేదాన్ని విచారింపక ఔషధమీయరాదని మాకు నేర్పిన పాఠమే అక్కడ ఈగలలో కనిపించింది. అల్జీమర్స్, హంటింగ్టన్ లక్షణాలు కల్పించిన ఈగలలో ఈ రెండు ఔషధాలూ నరాల క్షయాన్ని తగ్గించాయని 2013లో ప్రకటించారు. ఆ గృహిణి విన్న వార్తకు మూలమిదే.

అయితే ఈగ జీవితం కొన్ని వారాలు. దాని వ్యాధి మనం కల్పించినది. డెబ్బది ఏండ్ల మనిషి మెదడులో అదే జరుగుతుందని లఖోటియా బృందం అనలేదు, నేనూ అనను. రససిందూరం తిన్న ఈగలలో లోహవిషం కనిపించలేదన్నారు. దానిని పట్టుకొని పాదరసయోగాన్ని అంగడిలో కొని ఇంటిలో సేవించడం ప్రమాదకరం.

ఆ పెద్దాయన మాత్రలు డాక్టరుగారు తిరిగి ప్రారంభించారు. ఆయనకు మధుమేహం కూడ ఉన్నందున, తేనె కలిసే రసాయనాన్ని నేను ఇవ్వలేదు. ఉసిరికాయలు దొరికే కాలంలో పచ్చడి చేసి అన్నంలో పెట్టమన్నాను, ఉప్పు తగ్గించి.