మీకు తెలుసా? పసిడీ గోల్డూ పచ్చ రంగు బిడ్డలే

ఇంగ్లీషు ‘గోల్డెన్’కీ మన ‘పసిడి’కీ చుట్టరికం లేదు. అయినా రెండూ పుట్టిన తీరు ఒకటే.

పసిడికి మూలం ‘పచ్’ అనే ద్రావిడ ధాతువు. పచ్చ, పసుపు, పసరు, పసిమి ఆ కుదురువే. ‘పైడి’ కూడా పసిడి అరిగి వచ్చిన రూపమే. ఒకప్పుడు ఆకు రంగుకూ పసుపు రంగుకూ ఒకే మాట సరిపోయేది. ఆ అలవాటు మన నోట ఇంకా బతికే ఉంది. తాండూరు దగ్గరి కరణ్‌కోట చుట్టుపక్కల కందిచేను ఏపుగా ఉంటే పచ్చగా ఉందంటాం, ఆ చేలో విరిసిన పసుపు పూతనూ పచ్చని పూతే అంటాం. పచ్చకామెర్లలో పచ్చ అంటే పసుపే కదా!

‘గోల్డ్’ మూలం ఇండో-యూరోపియన్ ‘ఘెల్’. మెరుపు, పసుపు, ఆకుపచ్చ అన్నీ అందులో ఉన్నాయి. ‘యెల్లో’ దాని తోబుట్టువు. తాండూరు నాపరాళ్లలో పసుపు రకాన్ని ‘తాండూర్ ఎల్లో’ అని అమ్ముతారు కాబట్టి ఆ కుదురు మన బండల దాకా వచ్చిందన్నమాట. ఇంకా ఆశ్చర్యం, సంస్కృతంలోని హరితం, హిరణ్యం కూడా అక్కడివే. గోల్డ్‌కు మన దేశంలో అసలైన రక్తబంధువు హిరణ్యమే. పాత ఇంగ్లీషులో బంగారు వన్నెను ‘గిల్డెన్’ అనేవారు. గోల్డ్‌కు ‘ఎన్’ చేర్చిన ‘గోల్డెన్’ తర్వాత దాని చోటు తీసుకుంది. మేలైన కాలం, యాభై ఏళ్ల వేడుక వంటి అర్థాలు బంగారం విలువను బట్టి చేరినవే.

మరి వెండి? దాని మూలం ‘వెల్’, అంటే తెలుపు. వెన్నెల, వెల్లుల్లి దాని చుట్టాలు.