గజ్జె కట్టిన కాలికి గజ్జలో నొప్పా?

తెనాలి అనగానే మనం సినిమావాళ్ళ చిట్టా విప్పుతాం. కాంచనమాల, జగ్గయ్య, శారద, పక్కనే బుర్రిపాలెం కృష్ణ! అందుకేనేమో అక్కడి కుర్రాళ్ళకి స్టెప్పులంటే ప్రాణం. ఈమధ్య ఆ ఊళ్ళో ఓ డాన్సు రిహార్సల్ చూడబోయాను. గొంతుక్కూర్చుని ఒక్క గెంతులో పైకి లేవాలి. పదిసార్లు బ్రహ్మాండంగా చేసిన కుర్రాడు పదకొండోసారి గజ్జ పట్టుకుని పక్కకెళ్ళాడు.

"నరం పట్టిందిరా, తైలం రాసుకో" అన్నాడు మాస్టరు.

"ఆర్నెల్లనుంచీ ఇదే నరం మాస్టారూ!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆర్నెల్లు వదలని నరం ఏమిటండీ?

తుంటి కీలు సంగతి మన రుబ్బురోలుతో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. కటి ఎముకలోని గుంట రోలు, తొడ ఎముక తలమీది బంతి పొత్రం. పొత్రం నున్నగా తిరిగినంతకాలం పేచీ లేదు. బంతి కింద మెడ దగ్గర అదనంగా బొడిపె ఉంటే డాక్టర్లు దాన్ని 'క్యామ్' అంటారు. రోలు అంచే ముందుకు పొడుచుకొస్తే 'పిన్సర్'. రెండూ ఒకరికే ఉండటమూ కద్దు. మోకాలు పొట్టదాకా మడిచి లోపలికి తిప్పితే ఎముకకి ఎముక తగులుతుంది. ఇదే ఇంపింజ్‌మెంట్. తగిలి తగిలి అంచుచుట్టూ వాషర్‌లా ఉండే లాబ్రమ్ చిరుగుతుంది, లోపలి మృదులాస్థి పెచ్చులూడుతుంది. తుంటి అరుగుదలకి ఇదొక కారణమని స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరానికి చెందిన డాక్టర్ రైన్‌హోల్డ్ గాంజ్ బృందం 2003లో గట్టిగా వాదించింది.

లాబ్రమ్ అంటే ఏదో చిన్నముక్క అనుకునేరు! 2013 ఫిబ్రవరిలో లేడీ గాగా అంతటి తార, తుంటిలో అది చిరిగితే మిగిలిన ప్రోగ్రాములన్నీ రద్దుచేసుకుని ఆపరేషన్ బల్ల ఎక్కింది.

బాపట్లలో ఒకప్పుడు స్త్రీ పాత్రలు వేసిన ఓ పెద్దాయన్ని కలిశాను. ఇప్పుడు చేతికర్ర లేనిదే వీధిగుమ్మం దాటలేరు. "కుర్రతనంలోనే గజ్జలో కలుక్కుమనేది బాబూ. రంగులేసుకున్నాక ఎవరికి చెప్పుకుంటాం?" అన్నారు. ఆయనది ఇంపింజ్‌మెంటేనని నేననను, అరుగుదలకి కారణాలు సవాలక్ష. కానీ నెదర్లాండ్స్ లెక్క ఒకటి వినండి. అప్పటికే తుంటో మోకాలో నొప్పిపెడుతున్న 45-65 ఏళ్ళ వాళ్ళని వెయ్యిమందిని ఐదేళ్ళు గమనించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. క్యామ్ బొడిపె బాగా పెద్దదై, కాలు లోపలికి తిరగడం కూడా తగ్గిన తుంటుల్లో దాదాపు సగం ఆ ఐదేళ్ళలోనే పూర్తిగా అరిగిపోయాయి!

అలాగని హడలిపోకండి. బొడిపె ఉండీ జీవితంలో ఒక్కరోజు నొప్పెరగని వాళ్ళు బోలెడుమంది. ఎక్స్‌రేలో ఆకారం ఒక్కటే జబ్బు కాదు. నొప్పి ఉండాలి, డాక్టరు కాలు మడిచి తిప్పితే ఆ నొప్పే పలకాలి. మూడుగంటల సినిమా చూసి లేవబోతే గజ్జలో పట్టేస్తోందా? బూటు లేసు కట్టుకోవడం కష్టంగా ఉందా? అయితే ఎముకల డాక్టరుకి చూపించుకోండి. తైలం మాస్టర్లకి ఓ దణ్ణం! ఈ బొడిపె పెరిగేది కూడా మీ ఈడులోనే. ఎముకలు ఎదిగే వయసులో ఫుట్‌బాల్, ఐస్ హాకీ లాంటివి తెగ ఆడినవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది.

రేపల్లెలో కూచిపూడి నేర్చుకుంటున్న ఓ అమ్మాయి ఈ కబుర్లన్నీ విని, "అయితే డాన్సు మానెయ్యాలా అంకుల్?" అని బిక్కమొహం వేసింది. అక్కర్లేదమ్మా! చాలామందికి ముందు చెప్పేది ఫిజియోథెరపీయే. పిరుదుల కండరాలు, నడుము కండరాలు గట్టిపడాలి, నొప్పి పుట్టించే లోతుదాకా దిగడం కొన్నాళ్ళు ఆపాలి. దానికీ లొంగకపోతే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి బొడిపె చెక్కేస్తారు. 2018లో బ్రిటన్‌లో 348 మందిమీద ఈ రెంటినీ పోల్చిచూస్తే, ఏడాది తిరిగేసరికి రెండువైపులవాళ్ళూ మెరుగయ్యారు, ఆపరేషన్ వాళ్ళు ఇంకాస్త ఎక్కువ. అయితే ఇప్పుడు చెక్కించుకుంటే ముసలితనంలో కీలు అరగదన్న హామీ మాత్రం ఇంతవరకూ ఏ పరిశోధనా ఇవ్వలేదు.